ముందు బెల్టు తియ్యి

ఫోన్ తెర మీద ఎర్ర గీత, దాని కింద రెండు వరసల అక్షరాలు. కుట్టుమిషన్ల మెకానిక్కు నుదుటి మీదికి తోసుకున్న కళ్ళజోడును ముక్కు మీదికి దించుకుని చదివాడు. చదివి, ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టి, విప్పిన షటిల్‌ను కిరసనాయిలు గిన్నెలో వదిలాడు. నల్లటి మడ్డి మెల్లగా విడి పైకి తేలింది. అది పూర్తిగా విడేదాకా చూసి, మళ్ళీ ఫోన్ తిప్పి చదివాడు. అక్షరాలు మారలేదు.

'మీరు గతంలో మేం నిషేధించిన సభ్యులేనని మా పరిశీలనలో తేలింది. ఈ ఖాతా మూసివేస్తున్నాం.'

ఆయన మొదటి ఖాతా పేరు నూనెడబ్బా. మరమ్మతుల సైటులో ఆ పేరుతో రెండేళ్ళు జవాబులు రాశాడు. ఎక్కడెక్కడివాళ్ళో అడిగేవాళ్ళు: దారం తెగుతోంది, కుట్టు దాటేస్తోంది, చక్రం బిగుసుకుపోయింది అని. ఈయన ఒక్క వేలితో అక్షరం వెతుక్కుంటూ రాసేవాడు. ఏ జవాబైనా ఒకే మాటతో మొదలు: 'ముందు బెల్టు తియ్యి.' మాది బెల్టు లేని మిషన్ అని ఎవరైనా తిరిగి రాస్తే, 'అయితే తీసినట్టు అనుకో' అనేవాడు. అక్కడివాళ్ళు నవ్వుకుని ఆయనకు బెల్టు గురువు అని పేరు పెట్టారు. తొమ్మిది రోజుల కిందట ఒక విడిభాగాల వ్యాపారి కొత్త షటిళ్ళ ఫొటోలు పెడితే, దాని కింద 'ఇవి పోత ఇనుము. నెల ఆడవు. కొనకండి' అని రాశాడు. వ్యాపారి తిట్టాడు. ఈయన తిట్టలేదు. అదే మాట మళ్ళీ రాశాడు. అలా పదకొండుసార్లు. సైటువాళ్ళు అది వేధింపు అన్నారు. సంజాయిషీ రాసుకోమని ఒక పెట్టె చూపించారు. అందులో 'అవి పోత ఇనుమే' అని రాసి పంపాడు. అది పన్నెండోసారి అయింది.

పక్క కొట్టు ఫోన్లు బాగుచేసే అమ్మాయిది. రెండు కొట్ల మధ్య భుజం ఎత్తు చెక్క అడ్డం. దాని మీదుగా ఆమె తల లేచింది. నుదుటికి చిన్న దీపం కట్టుకుని ఉంది.

"ఏం పెద్దాయనా, మళ్ళీ గెంటేశారా?"

ఆయన ఫోన్ అటు తిప్పాడు.

"మొన్నటిది ఎంతసేపు నిలిచింది?"

"పది నిమిషాలు."

"ఇది?"

"అన్నం తిని చెయ్యి కడుక్కునేదాకా."

ఆమె నవ్వింది. "మొన్న మీ ఫోన్‌లోనే కదూ పేరు మార్చుకుని వెళ్ళారు? మీసం గొరిగించుకుని పాత సైకిలే ఎక్కి వెళ్తే పోల్చుకోరా?"

"ఇది మా ఆవిడ ఫోన్."

"ఖాతా ఎక్కడ తెరిచారు?"

"ఇంట్లో."

"ఇంట్లో ఇద్దరికీ నెట్టు ఒకటేగా? అదీ సంగతి. సైకిలు మార్చారు గానీ బయల్దేరిన గుమ్మం మార్చలేదు."

ఆమె ముందు ఒక ఫోన్ పొట్ట విప్పి ఉంది. ఆవగింజలంత మరలు అయస్కాంతం పలక మీద వరసగా నిలబడి ఉన్నాయి. ఒకదాన్ని పట్టకారుతో ఎత్తి పక్కన పెడుతూ చెప్పింది. "ఈ కొట్టు పెట్టకముందు నేను రెండేళ్ళు చేసింది ఈ పనే. వేరే సైటులెండి. గెంటినవాళ్ళు కొత్త పేర్లతో వస్తే పట్టుకోవడం. ఫోన్‌కి పుట్టుమచ్చలుంటాయి పెద్దాయనా. తెర కొలత, లోపల ఉన్న అక్షరాలు, గడియారం, ఇంకా చాలా. మనిషి పేరు మార్చుకున్నా అవి మారవు. ఏ పూట వస్తాడు, ఏ మాటతో మొదలెడతాడు, ఎక్కడ ఆపుతాడు, అన్నీ మిషనే చూసుకుంటుంది. చూసి, పాత ఖాతాకీ కొత్త ఖాతాకీ నూటికి ఇంత అని ఒక అంకె వేస్తుంది. మేం దాన్ని చుట్టరికం అనుకునేవాళ్ళం. ఎనభై దాటితే నా ముందుకొచ్చేది. నేను గెంటేదాన్ని."

"మనిషిని చూడకుండానే?"

"చూస్తే గెంటగలమా?"

ఆయన షటిల్‌ను గిన్నెలోంచి తీసి గుడ్డతో తుడిచాడు. గాడిలోకి గుడ్డ కొస దూర్చి లాగాడు. ఒకసారి, రెండుసార్లు.

"అయినా మీకంత పట్టుదల ఏమిటి? ఇక్కడ మిషన్లు లేవా? అడిగేవాళ్ళు లేరా?"

ఆయన గుడ్డ పక్కన పెట్టి, వేలు తుడుచుకుని, ఫోన్‌లో ఏదో వెతికి, చెక్క అడ్డం మీదుగా ఆమె చేతికి ఇచ్చాడు. ఆ సైటులో రాయడానికే తలుపు మూశారు, చదవడానికి ఎవరైనా చదవచ్చు. తెర మీద ఒక సభ్యుడి పేజీ ఉంది. పేరు: ఎడమచేయి. బాగుచేయించుకున్నవాళ్ళు రాసిన మెప్పులు ఇరవై ఆరు. పైన ఒక ఫొటో: ఒక ఎడమ చెయ్యి స్క్రూడ్రైవర్ పట్టుకుని ఉంది. దాని పిడికి నీలం దారం దగ్గరదగ్గరగా చుట్టి ఉంది, ముడి ఎక్కడా కనబడకుండా. చూపుడువేలి గోరు మధ్యకు చీలి ఉంది.

ఆమె ఫొటో చూసింది. ఆయన బల్ల మీది స్క్రూడ్రైవర్ చూసింది. నీలం దారం.

"ఎవరు పెద్దాయనా?"

"మా వాడు."

"ఇన్నాళ్ళూ మాట్లాడుతోంది మీ అబ్బాయితోనా? ఆయనకు తెలుసా మీరని?"

"తెలీదు."

"మరి ఫోన్ చేసి మాట్లాడొచ్చుగా?"

ఆయన షటిల్‌ను దీపానికి అడ్డంగా పట్టి అంచు చూశాడు. దానికేసే చూస్తూ అన్నాడు. "పాత మిషన్లు మర్చిపోయాడు. అన్నీ అడుగుతాడు. కానీ చెయ్యి చురుకు. ఇలా చెప్తానో లేదో, అయిపోయింది గురువుగారూ అని రాస్తాడు. నాకంటే చురుకు."

ఆరు నెలల పరిచయంలో ఆయన అంత పొడుగు మాట్లాడటం ఆమె వినలేదు. నుదుటి దీపం ఆర్పేసి ఫోన్ తిరిగి ఇచ్చింది.

*

వారానికోసారి భార్య కొడుకుతో ఫోన్‌లో మాట్లాడుతుంది. పొయ్యి దగ్గర నిలబడి, ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, చేతులతో పని చేసుకుంటూ మాట్లాడుతుంది. ఆ సాయంత్రం ఆయన ముందు గదిలో కూర్చుని బెల్టు తోలుకు తీగ గుచ్చుతున్నాడు.

"తిన్నావా? ... ఏం తిన్నావు? ... అది తిండేనా? ... ఆఁ, ఉన్నారు. ఎప్పటిలాగే ఉన్నారు. ... ఏమో నాన్నా, నాలుగు రోజుల్నుంచి ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నారు, పిల్లల్లాగ." ఆమె గుమ్మంలోకి వచ్చి ఫోన్ చాచింది. "మాట్లాడతారా?"

"చేతులకు నూనె."

"చేతులకు నూనెట," అంది ఫోన్‌లోకి. అటునుంచి ఏమన్నాడో, ఆమె "సరేలే, ఉంటా" అని పెట్టేసింది.

తర్వాత గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "పదకొండేళ్ళు. ఒక్క మాట కోసం."

"నేనన్నది ఒక్క మాటే."

"అందుకే అది పోవడం లేదు. నాలుగు అని ఉంటే మూడు మర్చిపోయేవాడు. కొట్టు నిండా మనుషులుంటే వాడి పనిని ఎడమచేతి పని అన్నారు. పుట్టిందే ఆ చేతివాటంతో, వాడేం చేస్తాడు?"

ఆయన తీగ కొస వంచి, సుత్తితో రెండు దెబ్బలు వేసి, బెల్టును రెండు చేతులా పట్టి లాగి చూశాడు. గట్టిగానే ఉంది. ఇంకోసారి లాగాడు.

మర్నాడు పొద్దున భార్య పెరట్లో బట్టలు ఆరేస్తుండగా ఆయన ఆమె ఫోన్ తీసుకున్నాడు. పేరు వెతకడం తెలుసు. నొక్కాడు. రెండోసారి మోగుతుండగానే కొడుకు ఎత్తాడు.

"అమ్మా?"

వెనక మోటారు మిషన్ చప్పుడు, ఎవరో నవ్వడం. ఆ గొంతు పదకొండేళ్ళలో లావయింది. ఆయన నోరు తెరిచాడు. అడగడానికి ఏదైనా మిషన్ గొడవ ఉంటే బాగుండేది.

"అమ్మా, వినబడుతోందా?"

ఆయన కట్ చేసి ఫోన్‌ను ఎక్కడిది అక్కడ పెట్టాడు. భార్య తడి చేతులతో లోపలికి వస్తూ చూసింది. "ఎవరికి?"

"చెయ్యి తగిలింది."

*

"ఈ ఫోన్ కొట్టు తెరిచిన కొత్తలో ఎవరో ఇచ్చి, మళ్ళీ రాలేదు," అంది ఫోన్ల అమ్మాయి. తెర మూల పగిలిన ఫోన్‌ను ఆయన బల్ల మీద పెట్టింది. "శుభ్రంగా తుడిచేశా. కొత్త నంబరు వేశా. నెట్టు నా కొట్టుది కూడా కాదు, దాని సొంతం. దీన్ని ఇంటికి తీసుకెళ్ళకండి. మీ ఇంటి నెట్టు డబ్బా వాసన కూడా తగలకూడదు దీనికి. పేరు సముద్రం అని పెట్టా."

"నేను సముద్రం చూడలేదు."

"అందుకే. ఎవరూ అనుమానించరు." ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "మీరు తొమ్మిదింటికీ నాలుగింటికీ రాస్తారు. అది మానండి."

"అప్పుడే కదా ఖాళీ."

"ఖాళీ లేనప్పుడు రాయండి. ఇంకోటి, బెల్టు మాట ఎత్తకండి."

"బెల్టు తియ్యకుండా సూది దగ్గర వేలు పెట్టమని ఎలా చెప్తాను? కాలు తగిలితే?"

"మిషన్ కదలకుండా చూసుకుని, అని రాయండి."

ఆయన ఆ మాట నోట్లోనే ఒకసారి అనుకుని చూశాడు. "ఎవరి కట్టుడు పళ్ళో పెట్టుకుని నమిలినట్టుంది."

"నమలండి మరి." ఆమె నవ్వి, వెంటనే నవ్వు ఆపింది. "అన్నిటికంటే ముఖ్యం ఇంకోటుంది. మీ అబ్బాయి జోలికి వెళ్ళకూడదు."

"వాడి కోసమేగా ఇదంతా."

"నాకు తెలుసు. వాళ్ళకీ తెలుసు. గెంటినవాడు పేరు మార్చుకుంటాడు, ఫోన్ మార్చుకుంటాడు, వెళ్ళడం మాత్రం పాత గుమ్మానికే వెళ్తాడు. నేను పట్టినవాళ్ళలో సగంమంది అలాగే దొరికారు. ఒక్క మూణ్ణెల్లు ఓపిక పట్టండి. కొత్తవాడిలా వేరేవాళ్ళకి జవాబులు రాయండి. ఆ తర్వాత ఎప్పుడో, మాటల్లో మాటగా పలకరించండి."

"ఈలోగా వాడు అడిగితే?"

"ఎవరో ఒకరు చెప్తారు. మీరు దొరికితే పోయేది మీ ఖాతా ఒక్కటే కాదు పెద్దాయనా. మీరెవరి దగ్గర నిలబడ్డారో మసి వాళ్ళకీ అంటుతుంది. ఆయనకు పనులు వచ్చేది అక్కడినుంచేగా?"

ఇరవై ఆరు మెప్పులు. ఆయన తల ఊపాడు.

రెండు రోజులు సముద్రం బుద్ధిగా నడిచింది. పని మధ్యలో, ఒంటి చేత్తో, వాచీలు బాగుచేసేవాడికి నూనె గురించీ, కుట్టుపని నేర్చుకుంటున్న ఎవరో కోడలికి దారం బిగువు గురించీ రాశాడు. 'మిషన్ కదలకుండా చూసుకుని' అని రాసిన ప్రతిసారీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎవరూ గెంటలేదు. రెండో రోజు సాయంత్రం ఫోన్ల అమ్మాయి చెక్క అడ్డం మీద తట్టి, "ఇంకా ఉన్నారే!" అంది. ఆయన పెదవి ఒక పక్కకి కొద్దిగా కదిలింది. ఆయనకు అది నవ్వు.

మూడో రోజు పొద్దున ప్రశ్న వచ్చింది.

ఎడమచేయి: 'కాలి మిషన్. సూది మార్చాను. కుట్టు పడటం లేదు. సూది ఏ వైపు తిప్పి పెట్టాలి? గురువుగారు ఉంటే చెప్పండి.'

ఆయన చదివి, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివాడు. కింద అప్పటికే నలుగురు రాశారు. 'ఇరవై ఆరు మెప్పులున్న మెకానిక్కుకి సూది పెట్టడం రాదా?' అని ఒకడు. 'గురువుని గెంటేసి చాలా రోజులైంది శిష్యా' అని ఇంకొకడు. 'ఎడమచేత్తో పెట్టి ఉంటావు' అని మూడోవాడు. నాలుగోవాడు తెలిసినట్టు ఏదో చెప్పాడు, అది తప్పు.

ఆయన ఫోన్ బోర్లా పెట్టాడు. బల్ల సొరుగులోంచి సూదుల డబ్బా తీసి, ఒక సూదిని అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. బొటనవేలి గోటితో దాని ఒంటి వెంట గీరాడు. గాడి దొరికింది. పొడుగు గాడి ఏ వైపుంటే దారం ఆ వైపునుంచే కంట్లోకి ఎక్కాలి. ఏ దేశం మిషనైనా అంతే. వాడికి ఏడేళ్ళప్పుడు ఈ బల్ల కిందే కూర్చోబెట్టి మొట్టమొదట నేర్పింది అదే. కళ్ళు గట్టిగా మూసుకుని, నాలుక కొస బయటపెట్టి, గోటితో గీరి, "ఇటు" అనేవాడు. వందసార్లు అడిగితే వందసార్లూ సరిగ్గానే చెప్పాడు. మాటలు మర్చిపోతారు. గోరు ఎలా మర్చిపోతుంది?

వేలికి ఏమైనా అయిందా?

ఆ ఆలోచన వచ్చాక పని సాగలేదు. మిషన్ తీసుకెళ్ళడానికి వచ్చిన దర్జీకి వేరేవాళ్ళ మిషన్ చూపించాడు. దర్జీ, "ఇది మాది కాదు బాబాయ్, మాది తెల్ల చక్రం" అని తనే వెతుక్కుని మోసుకెళ్ళాడు. భార్యకు ఫోన్ చేసి, వాడు బాగున్నాడా అని అడిగాడు. "మొన్ననే కదా మాట్లాడింది, మీ ముందే. ఏమైంది?" అంది. ఏం లేదన్నాడు. మధ్యాహ్నం అన్నం గిన్నె మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు. అడ్డం అవతల ఫోన్ల అమ్మాయి లేదు, సామాను కొనడానికి వెళ్ళింది. ప్రశ్న అలాగే ఉంది. దాని కింద నవ్వులు పదకొండు అయ్యాయి.

నాలుగింటికి పగిలిన ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. 'మిషన్ కదలకుండా చూసుకుని' అని రాశాడు. చదువుకున్నాడు. ఈ మాట ఎవరిదో వాడికి ఎలా తెలుస్తుంది? ఒక్కొక్క అక్షరమే వెనక్కి తుడిచేశాడు. మొదటి అక్షరం కూడా పోయి తెల్లగా మిగిలాక, వేలు కాసేపు గాల్లోనే ఆగింది. తర్వాత తడబడకుండా రాశాడు.

'ముందు బెల్టు తియ్యి. సూదిని బొటనవేలి గోటితో గీరు. పొడుగు గాడి దారం ఎక్కే వైపు ఉండాలి. కళ్ళు మూసుకుని చూడు, తెలుస్తుంది. చెయ్యి బాగుందా?'

పంపి, ఫోన్ ఆపేసి, సొరుగులో పెట్టి, సొరుగు మూశాడు.

*

మర్నాడు ఆయన వచ్చేసరికి ఫోన్ల అమ్మాయి ఆయన కొట్టు ముందే నిలబడి ఉంది. తాళం తీయగానే లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చుని, తన ఫోన్ ఆయన ముందు పెట్టింది.

"రాశారు కదా?"

"రాశాను."

"అరగంట కూడా నిలవలేదు. చూడండి."

ఎడమచేయి అడిగిన ప్రశ్న ఉంది. నవ్వినవాళ్ళు ఉన్నారు. అందరి కింద బూడిదరంగు పెట్టె: 'ఈ జవాబును తొలగించాం.' పెట్టె ఖాళీ. దాని పక్కన చిన్న ఆకుపచ్చ గుర్తు.

"ఇదేంటి?" ఆయన వేలు గుర్తు మీద పెట్టాడు.

"సమస్య తీరింది అని. అడిగినవాళ్ళు తప్ప ఇంకెవరూ పెట్టలేరు. జవాబు తీసెయ్యకముందే పెట్టేశారు. వాళ్ళు జవాబు తీసేశారు గానీ గుర్తు తియ్యడం మర్చిపోయారు."

"అంటే చదివాడు."

"చదివారు. మీరు రాసింది నాలుగూ పదికి. గుర్తు పెట్టింది నాలుగూ పన్నెండుకి."

ఆయన తలెత్తాడు. "ఎంత?"

"రెండు నిమిషాలు."

ఆయన చేతులు వాటంతటవే బల్ల మీద కదిలాయి. బెల్టు తియ్యాలి. సూది మర వదులు చెయ్యాలి. సూది తీసి, గీరి చూసి, తిప్పి, పైకంటా తోసి, మర బిగించాలి. దారం ఎక్కించాలి. కింది దారం పైకి లాగాలి. బెల్టు ఎక్కించాలి. గుడ్డ పెట్టి నాలుగు కుట్లు వేసి చూడాలి. చేతులు ఆగాయి. "చదవడానికే నిమిషం పడుతుంది," అన్నాడు.

"పాతవి కూడా చూశా రాత్రి." ఆమె వేలితో తెర పైకి తోస్తూ చదివింది. "గుడ్డ లాగే పళ్ళ కింద గట్టిపడిన మడ్డి తియ్యడం ఎలా అని అడిగారు. మీరు చెప్పాక మూడు నిమిషాలకి, 'పోయింది గురువుగారూ.'"

"అది పూట పని."

"చక్రం బిగుసుకుపోయింది. రెండు నిమిషాలకి, 'తిరుగుతోంది.'"

"అది కిరసనాయిల్లో నానాలి. ఒక రోజు."

"బెల్టు తెగితే అతుకు ఎలా వెయ్యాలి?"

అది ఆయన వాడికి తొమ్మిదేళ్ళప్పుడు నేర్పాడు. ఆమె చదువుతూనే ఉంది. షటిల్, బాబిన్, దారం బిగువు, నూనె చుక్కలు ఎన్ని, ఎక్కడ. తను ఏది ముందు నేర్పాడో, ఏది తర్వాత నేర్పాడో, సూది గాడి ఒక్కటీ మిగిల్చి, రెండేళ్ళుగా వాడు అదే వరసలో అడుగుతూ వచ్చాడు. మర్చిపోయాడనుకున్నాడు తను. చెయ్యి చురుకనుకున్నాడు. అవతల చెడిన మిషనే లేదు.

"ఆయనకు తెలుసు పెద్దాయనా," అంది ఆమె మెల్లగా. "మొదటినుంచీ."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె ఫోన్‌ను తన వైపు లాక్కోబోయి ఆగింది.

"ఇంకోటుంది. చెప్పాలి." ఎడమచేయి పేజీ తెరిచింది. ఫొటో లేదు. నీలం దారం లేదు. ఇరవై ఆరు మెప్పులు లేవు. ఎర్ర గీత కింద రెండు వరసలు. ఆయన కళ్ళజోడు పెట్టుకోలేదు. ఆమే చదివింది. "'నూనెడబ్బా, సముద్రం, ఎడమచేయి. ఈ మూడు ఖాతాలనూ నడిపేది ఒకే వ్యక్తి అని తేలింది. అన్నీ మూసివేస్తున్నాం.'"

"ఒకే వ్యక్తా?"

"తనే అడిగి, తనే ఇంకో పేరుతో చెప్పుకుని, తనే బాగుందనుకునేవాళ్ళుంటారు. వాళ్ళే ఇలా రెండు నిమిషాల్లో గుర్తు పెడతారు. పని చెయ్యరు కదా, టైము పట్టదు. నేనే చాలామందిని ఇలా గెంటాను." ఆమె గొంతు సర్దుకుంది. "పైగా మాట కూడా ఒకటే. ఆయన వేరేవాళ్ళకి రాసిన జవాబులు చూశారా ఎప్పుడైనా?"

చూడలేదు. వాడు తనను అడిగినవే చూసేవాడు.

"ప్రతి జవాబూ 'ముందు బెల్టు తీయండి' అనే మొదలు. ఆయనవి మోటారు మిషన్లు. వాటికి బెల్టు పైకి కనబడదు కూడా. అయినా అదే. మా దగ్గరైతే చుట్టరికం తొంభై ఆరో, తొంభై ఏడో పడేది. అంత పడితే ఇద్దరని ఎవరూ అనుకోరు."

రోడ్డు మీద ఎవరో షట్టర్ పైకి తోస్తున్నారు.

"వాడికి పనులు?" అన్నాడు ఆయన.

"ఇంకెక్కడైనా చూసుకోవాలి."

"నేను ఆ ఒక్క జవాబూ రాయకపోతే?"

ఆమె అబద్ధం చెప్పాలనుకుంది. చెక్క అడ్డం మీద గోటితో ఏదో గీకింది. "ఆయన ఖాతా ఉండేది," అంది.

ఆయన సొరుగులోంచి పగిలిన ఫోన్ తీసి, తన గుడ్డలో శుభ్రమైన కొస వెతికి, దాన్ని తుడిచి, ఆమె చేతికి ఇచ్చాడు. "ఇంకో పేరు పెట్టనా?" అని ఆమె అడగబోయింది గానీ అడగలేదు. ఎవరో కాని పేరుతో వెళ్ళి, ఎవరో కాని వాడితో మాట్లాడటానికి ఇక వీలు లేదు. వాడికి తెలుసని ఈయనకు తెలిసిపోయింది.

కొట్టు మూసి ఇంటికి వచ్చాడు. పదకొండు గంటలకు ఆయన ఇంటికి రావడం భార్య ఎరగదు. బియ్యం ఏరుతున్నది లేవబోయి, ఆయన మొహం చూసి మళ్ళీ కూర్చుంది.

"ఒంట్లో బాలేదా?"

"ఫోన్ ఇవ్వు."

ఆమె ఇచ్చింది. ఎవరికని అడగలేదు. ఆయన ముందు చేతులు కడుక్కున్నాడు. సబ్బు పెట్టి, గోళ్ళ సందుల్లో బ్రష్షు పెట్టి, నూనె జిడ్డు పోయేదాకా కడిగి తుడుచుకున్నాడు. ఇక చెప్పడానికి సాకు లేదు. పెరటి మెట్టు మీద కూర్చుని నొక్కాడు.

"అమ్మా?"

వెనక మిషన్ నడుస్తోంది. ఎవరూ నవ్వడం లేదు.

చెప్పాల్సింది దారంతా కూడబలుక్కునే వచ్చాడు. నా మూలంగా నీ పని పోయింది. ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది. అవి పోత ఇనుమే గానీ, ఒక్కసారి రాసి ఊరుకోవాల్సింది. ఏది ముందు చెప్పాలి? ఊపిరి మాత్రం ఫోన్‌లోకి వెళ్తోంది.

అవతల మిషన్ చప్పుడు ఆగింది. ఎవరో తొందరగా ఆపిన ఆగడం కాదు. కాలు ఎత్తి, చక్రం మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా నిలిపిన ఆగడం. అలా ఆపడం కూడా నేర్పిందే.

వాడు పెట్టెయ్యలేదు.

"గాడి ఎటుండాలన్నావు, నాన్నా?"

ఆయన నోరు తెరిచాడు. జవాబు తెలుసు. నలభై ఏళ్ళుగా తెలుసు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చెవికి ఆనించిన ఫోన్ అంచు మీద ఆయన బొటనవేలి గోరు కిందికీ పైకీ గీరుతూ గాడి కోసం వెతుకుతోంది.